మీరు తింటారా?

తెలుగులో "మీరు తింటారా?" అని అడిగితే అది అన్నం గురించి కాదని చిన్నపిల్లలకి కూడా తెలుసు. "మేం తింటాం", "వాళ్లు తినరు", "ఆ కుర్రాడు ఇంట్లో తెలియకుండా తింటాడు" అంటూ ఉంటాం. ఏం తింటారో ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. నలభై మూడేళ్లు నేను తినేవాళ్లలోనే ఉన్నాను. పుట్టింది భీమవరం దగ్గర పల్లెటూళ్లో. ఎటు చూసినా చేపల చెరువులే. కార్తీకమాసం తీసేస్తే మా ఇంట్లో చేప వండని వారం నాకు గుర్తు లేదు. అలాంటిదాన్ని తినని వాళ్లలోకి ఎలా వెళ్లానో, వెళ్లాక ఏమైందో రాద్దామని కూర్చున్నాను. ఎవరినీ మార్చాలని కాదు. మా ఇంట్లోనే మా ఆయన మారలేదు, మావాడూ మారలేదు.

2023 నవంబర్ 5, ఆదివారం. దీపావళికి వారం ముందు. చికెన్ తేవడం మామూలుగా మా ఆయన పని. ఆ రోజు ఆయన ఊళ్లో లేరు, మావాడికి చికెన్ కావాలి. హైదరాబాద్ నిజాంపేటలో మా వీధి చివరి షాపుకి నేనే వెళ్లాను. నా ముందు ఐదుగురున్నారు. నా వంతు వచ్చాక షాపు కుర్రాడు "స్కిన్నా, స్కిన్‌లెస్సా అక్కా?" అన్నాడు. స్కిన్‌లెస్ కేజీ అన్నాను. బోనులో చెయ్యి పెట్టి ఒకదాన్ని లాగాడు, తూకం వేశాడు, మెడ కోసి నీలం రంగు డ్రమ్ములో వేసి మూత పెట్టాడు. లోపల టపటపా కొట్టుకుంటోంది. మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. నేనూ ఫోన్ తీసి స్కాన్ చేశాను. కౌంటర్ మీదున్న డబ్బా హుషారుగా "రెండు వందల ముప్పై రూపాయలు అందాయి" అంది. డ్రమ్ము ఇంకా కొట్టుకుంటూనే ఉంది. డబ్బులు అందేశాయి, కోడి ఇంకా చావలేదు.

అంతే జరిగింది. ఇంటికొచ్చి వండాను, తిన్నాను కూడా. కూర బాగానే కుదిరింది.

నేనేమీ అంతకుముందు చూడనిదాన్ని కాదు. మా నాన్న కోడిని కోసేటప్పుడు కాళ్లు పట్టుకునే డ్యూటీ ఎనిమిదేళ్ల వయసు నుంచీ నాదే. ఈకలు పీకి, పసుపు రాసి, తాటాకు మంట మీద కాలుస్తుంటే ఆ వాసనకే ఆకలేసేది. అప్పుడు లేని బాధ ఇప్పుడెందుకొచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. జీవకారుణ్యం అనడానికి మనసొప్పదు. అంత పెద్ద మాట నాకు నప్పదు. కానీ ఆ డబ్బా గొంతు మాత్రం చెవిలో ఉండిపోయింది. తర్వాత కిరాణా కొట్లో అదే గొంతు వినిపించినా డ్రమ్ము గుర్తొచ్చేది.

తర్వాతి వారంలోనే కార్తీకం వచ్చింది. మా ఇంట్లో ఆ నెలంతా నీచు ముట్టం. ఇంకో రకంగా చెప్పాలంటే నేను మానేసిన సంగతి నెల రోజుల పాటు ఎవరికీ తెలియలేదు, నాతో సహా. డిసెంబర్‌లో పోలిని స్వర్గానికి పంపాం. అపార్ట్‌మెంట్ కింద ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి, అరటి దొప్పల్లో దీపాలు వదిలాం, హైదరాబాద్‌లో గోదావరి ఎక్కడినుంచి తెస్తాం. ఆ వచ్చిన ఆదివారం మటన్ షాపుల ముందు ఎంత క్యూ ఉంటుందో తెలిసిందే. మా ఆయన ఆరున్నరకే వెళ్లి ముప్పావు కేజీ తెచ్చారు. వండాను, వడ్డించాను, నేను పెరుగన్నంలో ఆవకాయ వేసుకుని కూర్చున్నాను.

"ఏం, ఒంట్లో బాలేదా?" అన్నారు.

"బాగానే ఉంది. తినాలనిపించట్లేదు."

"అదేంటి?"

ఆ "అదేంటి"కి జవాబు చెప్పడానికి నాకు ఏడాది పైనే పట్టింది.

మనవాళ్లు మాంసం మానడానికి రెండే కారణాలు ఒప్పుకుంటారు. ఒకటి దేవుడు, రెండోది డాక్టర్. దేవుడికైతే సోమవారం శివుడు, గురువారం బాబా, శనివారం వెంకన్న, నలభై ఒక్క రోజుల అయ్యప్ప మాల, ఎన్ని దార్లైనా ఉన్నాయి. మా ఆఫీసులో నల్గొండ అమ్మాయి ఒకతి వారంలో నాలుగు రోజులు తినదు, అయినా తనని ఎవరూ వింతగా చూడరు. డాక్టర్ చెప్పాడంటే "పాపం" అంటారు. ఈ రెండూ కాకుండా "నాకే వద్దనిపించింది" అంటే మాత్రం ఎదుటివాళ్లకి ఎక్కడో గుచ్చుకుంటుంది. మేం పాపం చేస్తున్నామనా నీ ఉద్దేశం అన్నట్టు చూస్తారు. 2014లో కేంద్రం చేసిన నమూనా నమోదు సర్వేలో తెలంగాణలో 98 శాతం పైనే మాంసాహారులని తేలింది. ఆంధ్రలోనూ అంతే. దేవుడూ డాక్టరూ చెప్పకుండా మిగిలిన ఆ రెండు శాతంలోకి దూరితే ఇలాగే ఉంటుంది మరి.

నేను అకౌంట్స్‌లో పనిచేస్తాను, లెక్క వేయకుండా ఉండలేను. ఇంటి ఖర్చుల పుస్తకం తిరగేశాను. మానేయక ముందు ఏడాదిలో మా ఇంట్లో నీచు వండిన రోజులు 104. అంటే మిగతా 261 రోజులూ నేను శాకాహారినే. అయినా నన్ను ఎవరైనా అడిగితే "తింటాం" అనే చెప్పేదాన్ని. నేను మార్చుకున్నది ఏడాదిలో 104 రోజులు, గొడవ మాత్రం 365 రోజులకీ వచ్చింది.

అసలు పరీక్ష 2024 సంక్రాంతికి. మా ఊళ్లో కనుమ అంటే నాటుకోడి, గారెలు. "కనుమ నాడు మినుము తినాలి" అన్న సామెత గారెల వరకే చెప్తుంది, కోడి సంగతి చెప్పక్కర్లేదు కాబట్టి. పైగా బరుల్లో పందేలు జరిగే ఊళ్లాయె. ఓడిన కోడిని మావైపు కోజ అంటారు. బాదం, జీడిపప్పు పెట్టి పెంచింది కదా, దాని మాంసానికి ఎంతైనా ఇస్తారు. మా తమ్ముడు ఎక్కడో సంపాదించి తెచ్చాడు. అమ్మ కట్టెల పొయ్యి మీద పెట్టి మధ్యాహ్నం దాకా ఉడికించింది. నా విస్తట్లోకి గరిట తెచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టాను.

"ఏమొచ్చిందే నీకు?"

"వద్దమ్మా."

"ముక్కలు తీసేసి పులుసు వేస్తాలే. గారె నంజుకో."

ఇదొకటి. ముక్క లేకపోతే అది వెజ్జే అనుకుంటారు మనవాళ్లు. అదీ వద్దన్నాను. పిన్ని, మేనత్త, తమ్ముడి భార్య అందరూ గరిటలు ఆపి నా వంక చూస్తున్నారు. మా మేనత్త మెల్లగా "ఏం, డాక్టరు వద్దన్నాడా అమ్మా?" అంది. అవునంటే అమ్మ రాత్రంతా నిద్రపోదు. కాదంటే పొద్దున్నుంచీ పొగలో కూర్చుని వండిన మనిషికి ఏం చెప్పాలి? నా నోట్లోంచి ఒక మాట వచ్చేసింది.

"మొక్కుకున్నాను అత్తా. ఏడుకొండలవాడికి. పిల్లాడి చదువు కోసం. ఏడాది."

గరిట టక్కున వెనక్కి వెళ్లిపోయింది. "ముందే చెప్పొచ్చు కదే పిచ్చిదానా, నీచు గరిట తెచ్చాను" అని అమ్మ లెంపలు వేసుకుంది. ఐదు నిమిషాల్లో విడిగా కడిగిన గిన్నెలో పప్పుచారు, వంకాయ కూర వచ్చాయి. మర్యాద అంటే మర్యాద కాదు. నేను నెల రోజులు కష్టపడి చెప్పలేనిది ఒక్క అబద్ధంతో అయిపోయింది. మా ఆయన నా వంక చూసి ఏమీ అనలేదు. రైల్లో మాత్రం "వెంకన్నని ఎందుకు లాగావు మధ్యలోకి?" అన్నారు.

అబద్ధంతో వచ్చే ఇబ్బంది ఏంటంటే అది నిజమవుతుంది. మావాడు ఇంటర్ సెకండియర్. మే నెలలో ఎంసెట్ ఫలితాలొచ్చాయి (పేరు మార్చారు గానీ మేం ఇంకా ఎంసెట్టే అంటాం). మేం అనుకున్నదానికన్నా మంచి ర్యాంకు వచ్చింది. అమ్మ చుట్టాలందరికీ ఫోన్లు చేసి "మా అమ్మాయి ఏడాది పాటు నీచు ముట్టనని మొక్కుకుంది, స్వామి విన్నాడు" అని చెప్పింది. రెండేళ్లు రాత్రీపగలూ చదివిన మావాడు ఆ మాట విని "నా సంగతి ఏంటమ్మా?" అన్నాడు. వాడి మొహం చూడలేకపోయాను.

ఇక వంటింటి సంగతి. ఇంట్లో ముగ్గురుంటే ఇద్దరు తింటారు, వండేది తినని మనిషి. ఇది మగవాళ్లు మానేస్తే రాని సమస్య. వాళ్లు "నాకొద్దు" అంటారు, అయిపోతుంది. నేను వద్దన్నాక కూడా చేపలు కడిగేది నేనే. అన్నిటికంటే కష్టం ఉప్పు. ఇరవై ఏళ్లుగా మటన్ కూర ఉడికాక గరిట చివర కాస్త అరచేతిలో వేసుకుని నాకి చూసి ఉప్పు సరిచేసేదాన్ని. ఇప్పుడు అరచేతిలో వేసుకున్నాక గుర్తొచ్చేది. అలాగే పట్టుకుని మావాడి గది దాకా వెళ్లి "చూడరా" అంటే వాడు ఫోన్లోంచి తల ఎత్తకుండా నా చెయ్యి నాకి "బానే ఉంది" అనేవాడు. వాడికి అన్నీ బానే ఉంటాయి. ఒకరోజు ఉప్పు లేదు, ఒకరోజు ఉప్పు కషాయం. నాలుగు ఆదివారాలు చూసి మా ఆయన ఇక లాభం లేదని తనే గరిట పట్టారు. ఇప్పుడు ఆదివారం వంట ఆయనదే. అల్లం వెల్లుల్లి రెండింతలు వేస్తారు, స్టవ్ అంతా నూనె చేస్తారు, కూర మాత్రం నాకన్నా బాగా వండుతారని మావాడు చెప్తాడు. మానేయడం వల్ల నాకొచ్చిన మొదటి లాభం ఆదివారం సెలవు.

నష్టం మార్చిలో తెలిసింది. నాకు ఆరేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వేసుకుంటాను. మూడు నెలల సగటు షుగర్ (HbA1c) 6.8 ఉండేది 7.6 అయింది. బరువు మూడు కేజీలు పెరిగాను. శాకాహారం ఆరోగ్యం అనుకుని ధీమాగా ఉన్నదాన్ని, రిపోర్ట్ చూసి తల తిరిగింది. ఏం తింటున్నానో రాసుకుంటే అర్థమైంది. ముక్క తీసేసిన చోట అన్నం పెట్టాను, బంగాళాదుంప వేపుడు పెట్టాను. పెళ్లిళ్లలో వెజ్ కౌంటర్ అంటే గోబీ మంచూరియా, పనీరు, రెండు రకాల స్వీట్లు, బిర్యానీ. మాంసం లేదన్న మాటే గానీ అంతా పిండీ నూనే.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకి కేజీ బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. నా 64 కేజీలకి 53 గ్రాములు. నేను తింటున్నది కూడితే 32 దగ్గర ఆగింది. మూడిడ్లీలకి ఆరు, అన్నానికి ఎనిమిది, గరిటెడు పప్పుకి నాలుగు, పెరుగుకి మూడు, రెండు చపాతీలకి ఆరు, మిగతాది టీలో పాలు, కూరగాయలు. పప్పన్నం బలం అంటాం గానీ మనం వేసుకునే పలచటి గరిటెడు పప్పులో ఉండేది చారెడు కందిపప్పు కూడా కాదు.

ఇక్కడ నన్ను కాపాడింది ఆఫీసులో పక్క సీటావిడ. తరతరాలుగా తినని ఇల్లు వాళ్లది. నేను మానేశానంటే ఆవిడేమీ మెచ్చుకోలేదు. నా లంచ్ బాక్సు చూసి "ఇలా తింటే మీరు నీరసపడి చస్తారు" అంది. వాళ్లింట్లో పప్పు పలచగా ఉండదు, ముద్దగా ఉంటుంది. రోజుకో గింజ నానుతుంది: శనగలు, అలసందలు, పెసలు. ఆవిడ చెప్పినట్టు పొద్దున ఇడ్లీ మానేసి పెసరట్టు పెట్టుకున్నాను. పొట్టు పెసలే, అరవై గ్రాములు నానబెడితే రెండట్లు వస్తాయి, పద్నాలుగు గ్రాముల ప్రొటీన్ అక్కడే. పప్పు రెండింతలు, అన్నం సగం. సాయంత్రం ఉడికించిన శనగలు. వారానికి మూడుసార్లు మీల్ మేకర్. దాన్ని వేడినీళ్లలో నానబెట్టి గట్టిగా పిండి, మళ్లీ కడిగి పిండకపోతే ఆ వాసనకి ముద్ద దిగదు. ఆగస్టుకి షుగర్ 6.9కి వచ్చింది. తినని వాళ్లు ఎలా తింటారో తినేవాళ్లకి తెలియదని అప్పుడు అర్థమైంది. మేం ముక్క చుట్టూ వండుకుంటాం. ముక్క తీసేస్తే మా దగ్గర మిగిలేది అన్నమే.

ఈలోగా మే నెలలో ఇల్లు మారాల్సి వచ్చింది. రెండు బెడ్‌రూములు, గాలీ వెలుతురూ, అద్దె మా అందుబాటులో ఉన్న ఇల్లొకటి దొరికింది. ఓనరమ్మ మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి అడిగింది. "మీరు తింటారా?"

ఇరవై ఏళ్ల కిందట, పెళ్లయిన కొత్తలో, ఇదే ప్రశ్నకి "తింటాం" అని చెప్పి మూడిళ్లు పోగొట్టుకున్నాం. ఈసారి నా నోరు దానంతటదే "నేను తినను" అంది. ఓనరమ్మ మొహం విప్పారింది. "మీ మాటతీరు చూసే అనుకున్నానండీ, ఆ పద్ధతే వేరు" అంది. తర్వాత వచ్చేది కులం ప్రశ్నేనని నాకు తెలుసు, అదీ వచ్చింది. "మీరేవిట్లు?"

ఒళ్లు చచ్చిపోయింది. అదే నేను, అదే మాటతీరు, ఆర్నెల్ల కిందటైతే గుమ్మం దాటనిచ్చేది కాదు. బొమ్మిడాయిల పులుసు వండే మా అమ్మ ఈ ఇంటికొస్తే మెట్ల మీద నిలబెడుతుందేమో. "మా ఆయనా, పిల్లాడూ తింటారండీ. మా అమ్మ వచ్చినప్పుడు చేపలు కూడా తెస్తుంది" అని లేచాను. ఆ ఇల్లు దొరకలేదు. నేను మానేసింది కోడిని. కోడి తినేవాళ్లని తక్కువగా చూసేవాళ్ల పక్కన కూర్చోవడానికి కాదు. ఆ తర్వాత కొన్నాళ్లు ఎవరైనా మెచ్చుకోలుగా "ఓ, మీరు తినరా!" అంటే "లేదండీ, తినేదాన్నే" అని చెప్పడం మొదలుపెట్టాను. మా ఆయనకి నవ్వు. "మానేసి కూడా పోట్లాటేనా నీకు" అంటారు.

అక్టోబర్‌లో అరికాళ్లకి తిమ్మిర్లు మొదలయ్యాయి. చీమలు పాకుతున్నట్టు, ముఖ్యంగా రాత్రిళ్లు. నాలుక మంట, కారం తగిలితే ప్రాణం పోయేది. ఆఫీసులో అంకెలు తారుమారు చేయడం కూడా మొదలైంది, అది నాకు ఎప్పుడూ లేని జబ్బు. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నాయేమోనని టెన్షన్‌తో వెళ్తే డాక్టరమ్మ వేరే టెస్టు రాశారు. బి12 విటమిన్ రెండు వందలకి పైన ఉండాలి, నాకు 148.

ఇంట్లో అందరికీ కారణం దొరికింది. "అందుకే చెప్పాం" అన్నవాళ్లని లెక్కపెట్టాను, పదకొండు మంది. మా అత్తగారు ఫోన్‌లో "ఇంకా నయం, నా కొడుక్కి కూడా మానిపించలేదు" అన్నారు. నేనూ అదే అనుకుని తలొంచుకుని కూర్చుంటే డాక్టరమ్మ ఒప్పుకోలేదు. "మీరు మానేసి ఏడాదే అయింది. ఒంట్లో బి12 నిల్వ కాలేయంలో ఉంటుంది, కొన్నేళ్లు సరిపోతుంది. ఏడాదికే ఇంత పడిపోదు. ఆరేళ్లుగా వేసుకుంటున్న మాత్ర దాన్ని సరిగ్గా ఒంటికి పట్టనివ్వదు. ఇది చాలాకాలంగా తగ్గుతూ వచ్చి ఉంటుంది. ఎప్పుడైనా పరీక్ష చేయించారా?" లేదు. అంతకుముందు చూపించుకున్న చోట ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు, తిన్నా తినకపోయినా, ఒకసారి బి12 చూపించుకోండి. నేను ఇది రాయడానికి సగం కారణం ఈ ఒక్క వాక్యమే.

అయితే మానేయడం దానికి తోడైన మాట నిజం. ఆకుకూరల్లో, పప్పుల్లో, గింజల్లో బి12 ఉండదు. ఎంత పెసరట్టు తిన్నా రాదు. పాలు, పెరుగులో కొంత ఉంటుంది. చేప, మాంసం, గుడ్డులో ఉంటుంది. మొదట ఇంజెక్షన్లు, తర్వాత మాత్రలు. డాక్టరమ్మ "గుడ్డు తినగలరా?" అన్నారు.

దీని మీద వారం ఆలోచించాను. మావైపు తణుకు రోడ్డులో బస్సులో వెళ్తే లేయర్ కోళ్ల షెడ్లు కనిపిస్తాయి, కనిపించకముందే వాసన వస్తుంది. ఇనుప గూళ్లలో రెక్క విప్పుకునే చోటుండదు. ఏడాదిన్నర గుడ్లు పెట్టి, పెట్టడం తగ్గాక ఆ కోడి వెళ్లేది కూడా షాపుకే. లేయర్ కోడి పేరుతో చవగ్గా అమ్ముతారు. అంటే నేను గుడ్డు తింటే డ్రమ్ము నా కంటికి కనబడదు, అంతే తేడా. పాలు మాత్రం? మా ఊళ్లో గేదె దున్నదూడని ఈనితే ఎన్నాళ్లుంచుతారో నాకు తెలియదా. ఈ దారిలో వెళ్తే చివరికి ఏదీ తినకూడదు. అంత శక్తి నాకు లేదని తేల్చుకున్నాను. ఇప్పుడు రోజుకి రెండు ఉడకబెట్టిన గుడ్లు తింటున్నాను. సమర్థించుకోను. ఇక్కడ ఆగాను, అంతే. మూడు నెలల తర్వాత బి12 430కి వచ్చింది. తిమ్మిర్లు మాత్రం పూర్తిగా పోవడానికి ఎండాకాలం దాకా పట్టింది.

మొక్కు సంగతి అలాగే ఉంది కదా. డిసెంబర్‌లో అమ్మ పోరు పడలేక తిరుమల వెళ్లాం. మూడొందల రూపాయల టికెట్, నాలుగ్గంటల క్యూ. లేని మొక్కు తీర్చుకున్నవాళ్లు ఆ రోజు కొండ మీద మేమొక్కళ్లమే అయి ఉంటాం. స్వామి ముందు నిలబడ్డ ఆ రెండు సెకన్లలో "క్షమించు" అనే అనుకున్నాను.

2025 సంక్రాంతికి భోగి ముందురోజు, ఆదివారం, ఊరు చేరాం. పెరట్లో కుళాయి దగ్గర అమ్మ పీట వేసుకుని కూర్చుంది. పక్కన గిన్నెలో బొమ్మిడాయిలు, ఇంకో పక్క పొయ్యిలోంచి తీసిన బూడిద. బొమ్మిడాయి పాములా జారిపోతుంది. బూడిదలో దొర్లించి, రాతి మీద రుద్దితే గానీ జిగురు పోదు. వీపు మీద ముళ్లు వేళ్లలో దిగుతాయి. అమ్మకి అరవై తొమ్మిదేళ్లు, వేళ్లు సరిగ్గా ముడుచుకోవు. "మొక్కు తీరింది కదా. నీకిష్టమని నాలుగు రోజుల నుంచి చెప్పి పెట్టించాను" అంది తలెత్తకుండా.

పక్కన గొంతుక్కూర్చున్నాను.

"అమ్మా, నేను మొక్కుకోలేదు."

"తీర్చేశావు కదే."

"అది కాదు. అసలు మొక్కే లేదు. అబద్ధం చెప్పాను. నాకే తినాలని లేదు."

రుద్దుతున్న చెయ్యి ఆగింది. "మరి పిల్లాడి ర్యాంకు?"

"వాడు చదివాడు కాబట్టి వచ్చింది."

"వెంకన్నతో పరాచికాలేంటే!" అని బూడిద చేతులతోనే రెండు చెంపలూ వేసుకుంది. తెల్లగా వేళ్ల అచ్చులు పడ్డాయి మొహం మీద. నాకు నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది. కాసేపు మాట్లాడలేదు. మళ్లీ ఒక బొమ్మిడాయి తీసి బూడిదలో వేసి, ఆలోచించి ఆలోచించి అంది.

"అంటే మొక్కు లేదు."

"లేదు."

"డాక్టరు వద్దన్లేదు."

"లేదు. తినమనే అంది."

"అయితే ఇంకేంటే అడ్డం? తిను."

ఏడాదిగా ఎన్నో సమాధానాలు తయారు చేసుకున్నాను. దీనికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు. డ్రమ్ము గురించి, డబ్బా గొంతు గురించి చెప్పబోయాను. అమ్మ చేతిలో బొమ్మిడాయి ఇంకా మెలికలు తిరుగుతోంది, ఆవిడతో ఏం చెప్తాను?

మట్టి దాకలో పులుసు, పైన నూనె తేలి, పచ్చిమిరపకాయలు నిలువునా చీరి వేసి. రెండు ముక్కలు తిన్నాను. బాగుంది. బాగోలేదని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. మర్నాటికి ఇంకా బాగుంటుందని దాచిపెట్టింది గానీ భోగి సోమవారం వచ్చింది, సోమవారం అమ్మ నీచు పొయ్యెక్కించదు. కనుమ నాడు కోడి వడ్డిస్తే వద్దన్నాను. ఈసారి ఎవరూ కారణం అడగలేదు. మేనత్త మాత్రం "చేప తిని కోడి మానడమేంటో" అని పక్కకి తిరిగి అంది, నాకు వినబడేలాగే.

హైదరాబాద్ వచ్చాక మళ్లీ మామూలే, గుడ్లు, పెసరట్లు. నెల తిరక్కుండానే మా గోదావరి జిల్లాల్లో కోళ్లకి బర్డ్ ఫ్లూ అన్నారు. బాగా ఉడికిస్తే భయం లేదని అధికారులు చెప్తున్నా చికెన్ షాపులు వెలవెలబోయాయి. వీధి చివరి షాపు కుర్రాడు ఖాళీగా కూర్చుని నన్ను చూసి "నువ్వు ముందే మానేశావు కదా అక్కా, నీకెట్లా తెలిసింది?" అన్నాడు. నేను రావడం లేదని వాడు గమనించాడన్నమాట. డ్రమ్ము బోర్లించి ఉంది.

మొన్న అమ్మ ఫోన్ చేసింది. దసరాకి ఎప్పుడొస్తున్నారు, ఎన్నాళ్లుంటారు, పిల్లాడికి సెలవులున్నాయా, అన్నీ అయ్యాక కాస్త ఆగి, కొత్తవాళ్లని అడిగినట్టు మెల్లగా అడిగింది.

"తింటావా?"

"ఏం వండుతున్నావు?" అన్నాను.